రెండు గ్లాసులూ ఏడే

ప్రసూన ధీమాకి కారణం మీటరు మీది అంకె. రొయ్యల ఫ్యాక్టరీ మురుగునీటి ట్యాంకు ఆమె చేతికొచ్చి పన్నెండు రోజులు. పన్నెండు రోజులూ పీహెచ్ ఏడు దగ్గరే నిలబడింది. మురికిని తినే సూక్ష్మజీవులకి ఆ ఏడు దగ్గరే హాయి. పులుపెక్కితే అంకె దిగుతుంది, అవి చచ్చిపోతాయి.

అంకె దిగనప్పుడు రోజూ సున్నం దేనికని మొదటిరోజే మాన్పించేసింది. పాతికేళ్లుగా ఆ ట్యాంకు చూసుకుంటున్న ఏసుపాదం మాస్టారు ఆ రోజే ఓ సీసాలో ట్యాంకు నీళ్లు పట్టి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు.

రేపటినుంచి సరుకు రెండింతలు. మురుగూ, అందులో పుట్టే పులుపూ రెండింతలే. ట్యాంకు తట్టుకుంటుందని ప్రసూన సంతకం పెట్టాలి. తట్టుకోకపోతే ఆ మురుగు కాలవలో కలుస్తుంది. దిగువన రొయ్యల చెరువుల వాళ్లు తోడుకునేది ఆ కాలవ నీళ్లే.

పెన్ను తీసి, పేరుకి ఓ మాట అడిగింది.

"పెట్టేయనా మాస్టారూ? రోజూ ఏడేనండి."

"ఏడేనమ్మా. కాదన్నానా?"

ఆయన క్యాంటీన్‌కెళ్లి నిమ్మకాయ పట్టుకొచ్చారు. షర్బతు చేస్తారా అని నవ్వింది ప్రసూన. మీ కాలేజీలో ఈ పరీక్ష గాజుగొట్టాలతో చేస్తారట, నాకు ఇదే వచ్చు అన్నారాయన.

ఒక గ్లాసులో ఫ్రిజ్‌లోని పాత నీళ్లు పోశారు. ఇంకోదాంట్లో ఇవాళ్టి ట్యాంకు నీళ్లు. మీటరు ముంచి చూపించారు. అదీ ఏడే, ఇదీ ఏడే.

"చూశారా," అంది ప్రసూన.

పాత నీళ్లలో నిమ్మరసం చుక్కలుగా పిండారు. ఒకటి, రెండు, మూడు. మీటరు కదిలీ కదలనట్టుంది. పదో చుక్కకి ఆరున్నర.

కాయ ఆమె చేతికిచ్చి, రెండో గ్లాసు ముందుకి జరిపారు.

రెండు చుక్కలు పిండింది. మూడో చుక్కకి అంకె ఆరు కిందకి దిగింది. నాలుగో చుక్కకి ఐదు కూడా లేదు.

ఇన్నాళ్లూ పులుపుని మింగి అంకెని ఏడు దగ్గర పట్టి ఉంచింది పాత సున్నమేనని, అదిప్పుడు అడుగంటిందని ప్రసూనకి అర్థమైంది. తర్వాత పెన్నుకి మూత పెట్టి, మేనేజరుకి ఫోన్ చేసింది. నాలుగు రోజులు ఆగాలండి, ట్యాంకు సిద్ధంగా లేదు, తప్పు నాదేనని చెప్పింది.

ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కుంది.

"సున్నం బస్తాలు ఏ గోడౌన్లో ఉన్నాయండీ?"

మిగిలిన నిమ్మచెక్కని మాస్టారు తన మంచినీళ్ల సీసాలో పిండుకుంటున్నారు.

"గోడౌన్ దాకా ఎందుకమ్మా. నువ్వు మాన్పించిన రోజే ట్యాంకు పక్కకి చేర్పించాను."