మంచం కింది పీట

జిలానీకి చెంచా అంటే భయం పట్టుకుంది.

పాముకి భయపడేవాళ్ళుంటారు, చీకటికి భయపడేవాళ్ళుంటారు, చెంచాకి భయపడేవాడు ఎక్కడైనా ఉంటాడా అని మనకి నవ్వు రావచ్చు. జిలానీ మాత్రం నవ్వి తొమ్మిది రోజులైంది. మధ్యాహ్నం భోజనాల వేళ దగ్గర పడుతోందంటే అరచేతులకి చెమట పట్టేది. గిన్నెలో రాగిజావ పొగలు చూస్తే మొహం పక్కకి తిప్పుకునేవాడు.

అసలు అతను చెంచా కోసం రాలేదు. ఆదోని దాటాక నల్లరేగడి చేల మధ్య ఓ చిన్న దర్గా ఉంది. అక్కడి గురువు హజ్రత్ ముర్తుజా షా దగ్గర జిక్ర్ నేర్చుకుందామని, దేవుడి పేరు ఊపిరిలో నిలుపుకునే ఆ సాధన పట్టుబడితే చాలని, ఇరవై ఆరేళ్ళ వయసులో ఇల్లొదిలి వచ్చాడు. హజ్రత్ అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. విని, దర్గా వెనకున్న రేకుల హాల్లోకి తీసుకెళ్ళి చేతిలో చెంచా పెట్టాడు.

ఆ హాల్లో పన్నెండు మంచాలున్నాయి. కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళు, కన్నబిడ్డల పేర్లు మర్చిపోయినవాళ్ళు, ఇక మా వల్ల కాదని ఆసుపత్రులవాళ్ళు పంపేసినవాళ్ళు అందులో ఉంటారు.

"ఏడాది వీళ్ళకి తినిపిచ్చు. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు హజ్రత్.

జిలానీ మొదట మొహం మాడ్చుకున్నా, నాలుగు నెలల్లో చెయ్యి తిరిగింది. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టడం, తడిసిన దుప్పటి లాగడం, వీపు మీద పుండ్లు పడకుండా చూడటం అన్నీ నర్సు రాహేలమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఉన్న నలుగురు శిష్యుల్లో తనంత బాగా తినిపించేవాడు లేడని లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా.

ఆ మురిపెం ఏడో మంచం దగ్గర దిగిపోయింది.

ఏడో మంచం ఓబులేసుది. నాపరాళ్ళ గనిలో ముప్పై ఏళ్ళు బండలు కోసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, ముద్ద మింగడమే ఓ పనైపోయింది. తొమ్మిది రోజుల కిందట జిలానీ పీట మీద కూర్చుని, పక్క మంచమాయనతో ఏదో కబురు చెబుతూ, చూసుకోకుండా చెంచా నోట్లో పెట్టాడు. ఓబులేసుకి పొలమారింది. దగ్గు రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, చప్పుడు లేదు. పెదాలు నీలం తిరుగుతున్నాయి. బాగున్న ఎడమ చెయ్యి వచ్చి జిలానీ చొక్కాని గుప్పెట బిగించి పట్టుకుంది.

జిలానీకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. రాహేలమ్మ పరుగున వచ్చి, ఓబులేసుని ముందుకి వంచి, రెండు భుజాల మధ్య గట్టిగా చరిచింది. నాలుగో దెబ్బకి జావ బయటపడి ఊపిరి ఆడింది.

ఓబులేసు బతికాడు. కానీ చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఆ గుప్పెట అక్కడే ఉన్నట్టుండేది జిలానీకి. ఆ రోజే పీటని కాలితో మంచం కిందికి తోసేశాడు. మళ్ళీ అలాంటిది జరిగితే రాహేలమ్మని పిలవాలి, పరుగెత్తాలి, నిలబడి ఉంటేనే కదా అది కుదిరేది అనుకున్నాడు. అప్పట్నుంచి నిలబడే తినిపిస్తున్నాడు. ఒక అడుగు మంచం వైపు, ఒక అడుగు గుమ్మం వైపు.

ఓబులేసు రెండు చెంచాలు మింగితే మూడోదానికి దగ్గుతున్నాడు. నాలుగోదానికి నోరు మూసేస్తున్నాడు. చూస్తుండగానే బుగ్గలు లోపలికి పోయాయి.

"సోమవారం డాక్టరు సారు వస్తాడు" అంది రాహేలమ్మ శుక్రవారం నాడు. "ఇట్లే ఉంటే ముక్కులో గొట్టం ఏయమంటాడు. నేనేం చేసేది చెప్పు?"

ఆ మాట ఓబులేసు విన్నాడు. పట్నం ఆసుపత్రిలో ఆ గొట్టాన్ని రెండుసార్లు పీకేసుకున్నాడని, పనిచేసే ఆ ఒక్క చేతినీ మంచం కమ్మీకి కట్టేశారు. మణికట్టు చుట్టూ నల్లటి మచ్చ ఇప్పటికీ ఉంది. గొట్టం అన్న మాట చెవిన పడగానే ఓబులేసు ఎడమ చేతిని మెల్లగా దుప్పటి కిందికి దాచుకున్నాడు.

జిలానీ అది చూశాడు. ఆ పూట అన్నం సయించలేదు.

శనివారం పొద్దున్నే వెళ్ళి హజ్రత్ ముందు నిలబడ్డాడు. "నన్ను ఈ పనిలోంచి తప్పించండి హజ్రత్. దర్గా ఊడుస్తా, నీళ్ళు మోస్తా, మరుగుదొడ్లు కడుగుతా. ఏం చెప్పినా చేస్తా."

"ఏమైందప్పా?"

"నా చేతుల్లో మనిషి పోతాడు."

హజ్రత్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు. ధైర్యం చెబుతాడనుకున్నాడు జిలానీ, లేకపోతే చివాట్లైనా పెడతాడనుకున్నాడు. ఆయన రెండూ చెయ్యలేదు. "మధ్యాన్నం హాలుకి వస్తాలే" అని మాత్రం అన్నాడు.

చెప్పినట్టే వచ్చాడు. ఓబులేసు పక్కనున్న ఎనిమిదో మంచం పోయిన నెల నుంచి ఖాళీ. హజ్రత్ దాని మీదికెక్కి, దిండ్లకి ఆనుకుని కాళ్ళు చాపుకుని, చేతులు రెండూ దుప్పటి కింద పెట్టుకున్నాడు.

"ఆకలేస్తాండాది. నాకు పెట్టు."

జిలానీ గిన్నె తీసుకుని నిలబడ్డాడు. చెంచా ముంచి ముందుకి చాపాడు. పైనుంచి వస్తున్న ఆ చెంచా కోసం హజ్రత్ తలెత్తాడు. గడ్డం పైకి లేచింది, ముసలి మెడ మీద చర్మం సాగింది. మొదటి చెంచా దిగింది.

రెండోదానికి పొలమారింది.

నటన అనుకుందామంటే మొహం అలా కందదు, కళ్ళల్లోంచి నీళ్ళు అలా కారవు. తెరలు తెరలుగా దగ్గు. మంచం కిర్రుమంటోంది. జిలానీ రాహేలమ్మ కోసం చుట్టూ చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు గుమ్మం వైపు వేయబోయాడు.

దుప్పటి కిందనుంచి హజ్రత్ చెయ్యి వచ్చి చొక్కా పట్టుకుంది. సరిగ్గా అక్కడే.

ఆ దగ్గు విని రాహేలమ్మ ఇటు ఉరికి రాబోతే, హజ్రత్ రెండో చేత్తో ఆగమన్నాడు. మాట రావడం లేదు, దగ్గు ఆగడం లేదు, పట్టు మాత్రం వదల్లేదు. ఆ చొక్కాని కిందికి లాగాడు. జిలానీకి అర్థం కాలేదు. హజ్రత్ ఇంకోసారి లాగాడు, కళ్ళతో ఓబులేసు మంచం కిందికి చూపించాడు.

జిలానీ వంగి పీట బయటికి లాగాడు. దాని మీద తొమ్మిది రోజుల దుమ్ముంది. కూర్చున్నాడు.

హజ్రత్ దగ్గు మెల్లగా తగ్గింది. ఊపిరి తీసుకున్నాడు. కింద కూర్చున్న శిష్యుణ్ణి చూడ్డానికి తల దించాడు. గడ్డం గుండె మీదికొచ్చింది. నోరు తెరిచాడు.

"మళ్ళీ."

జిలానీ పెట్టాడు. దిగింది. తల వంచి మింగితే అడ్డం పడలేదు. ఇంకోటి పెట్టాడు. అదీ దిగింది. ఐదో చెంచా అయ్యాక హజ్రత్ గడ్డానికంటిన జావ తుడుచుకుని, ఏడో మంచం వైపు చూశాడు.

ఓబులేసు ఇదంతా కళ్ళార్పకుండా చూస్తున్నాడు. నోరు మూసే ఉంది. ఎడమ చెయ్యి దుప్పటి కిందే ఉంది.

జిలానీ పీటని అటు తిప్పుకున్నాడు. పారిపోవాలనిపిస్తోంది, దాచుకోవడమెందుకు అనుకున్నాడు. "నాకు భయంగా ఉంది తాతా" అన్నాడు చిన్నగా.

ఓబులేసు తల దించి అతని వైపు చూశాడు. నిలబడి ఉన్నన్నాళ్ళూ జిలానీకి ఆయన నోరే కనిపించింది. ఇప్పుడు కళ్ళు కనిపించాయి. జిలానీ పొద్దున అద్దంలో చూసుకున్న కళ్ళే అవి.

నోరు తెరుచుకుంది. ఒక చెంచా. గొంతు మీద ముడి పైకి లేచి, ఆగి, కిందికి దిగింది. జిలానీ అప్పుడు తనూ ఊపిరి తీసుకున్నాడు. రెండో చెంచా. మూడోది. నాలుగో చెంచా నోట్లో ఉండగా దుప్పటి కదిలింది. ఎడమ చెయ్యి బయటికొచ్చి, తడుముకుంటూ, జిలానీ చొక్కా పట్టుకుంది.

జిలానీ కాళ్ళు లేవబోయాయి. పళ్ళు బిగబట్టి, పీట అంచుని చేత్తో పట్టుకుని, ఆ గొంతు వంకే చూస్తూ కూర్చున్నాడు.

గొంతు మీద ముడి పైకి లేచింది. చాలాసేపు అక్కడే ఉన్నట్టనిపించింది. తర్వాత దిగింది. చెయ్యి మాత్రం చొక్కా వదల్లేదు. అది అలా పట్టుకుని ఉండగానే ఓబులేసు జావ మొత్తం తాగాడు. అప్పటికి గిన్నె పూర్తిగా చల్లారిపోయింది. అటుగా వచ్చిన రాహేలమ్మ ఖాళీ గిన్నె చూసి, దాన్ని తీసుకుపోయింది.

హజ్రత్ మంచం దిగి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"భయం పోయిందా?"

"లేదు హజ్రత్."

"సరేలే. దానిగ్గూడా ఓ పీట వెయ్యి."