నక్క కనిపెట్టిన మూడు గెలాక్సీలు

ఈ కథలో ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోతే కోప్పడకండి. ఈ మధ్య నా జ్ఞాపకంలో వరస నిలవడం లేదు. కథ మాత్రం నిలిచింది. తప్పులుంటే మా స్వర్ణ దిద్దుతుంది.

మనుషులు ఖాళీ చేసి వెళ్ళిన ఒక కొండ మీద పెద్ద టెలిస్కోపు మిగిలిపోయింది. జంతువులు దాన్ని తమది చేసుకున్నాయి. అక్కడ ఒకటే కట్టుబాటు: ఆకాశంలో మూడు కొత్త వెలుగులు కనిపెట్టినవాళ్ళకే దాని ముందు పీట. ఆ పీట ఎన్నో ఏళ్ళుగా గుడ్లగూబ పైడమ్మది. ఇప్పుడది ముసలిదైపోయింది. ఎలుకను తిన్న సంగతి మరిచిపోయి మళ్ళీ వేటకు బయలుదేరేది. ఆ పీట కూడా పోతే తనకిక మిగిలేదేమిటని దాని దిగులు.

ఒక సాయంత్రం, చీకటి పడగానే, నక్క గవర్రాజు టెలిస్కోపు దగ్గర ఎగిరి గంతేసింది.

"దొరా! మూడు కొత్త గెలాక్సీలు! మసగ్గా, వంకరగా, గోటి గీరల్లా ఉన్నాయి. పైదీ, నడిమిదీ, కిందిదీ, మూడూ నావే. పీట నాది!"

"నక్కెక్కడ, నాకలోకమెక్కడ!" అని కోతులు కిచకిచలాడాయి.

కొండకు పెద్ద ఎలుగుబంటి అప్పలస్వామి. అది టెలిస్కోపులోంచి చూసి తలూపింది. "మూడున్నాయే పైడమ్మా."

పైడమ్మ చాలాసేపు చూసింది. "మూడు కాదు బాబూ, ఒకటే."

"అవ్వకి లెక్క కూడా పోయింది, పాపం," అంది నక్క.

"ఆ గీరల నడుమ గెలాక్సీల గుంపు ఉంది, చూడు. దాని బరువుకి చుట్టూ ఉన్న చోటే వంగుతుంది. ఆ వెనక ఎంతో దూరాన ఉన్న ఒక్క గెలాక్సీ వెలుగు ఆ వంపుల్లో పడి మూడు దారుల్లో మనదాకా వస్తోంది. ఆ గుంపు భూతద్దంలా పెద్దది చేసి చూపకపోతే అంత మసకది మన కంటికి ఆనేదే కాదు."

"బరువుకి వెలుగు వంగుతుందట! అయితే దొరగారి పక్కన నిలబడితే నా తోక వంకరపోతుందా?"

"నా బరువు జోలికి రాకు," అంది ఎలుగుబంటి. "ఆ మూడింటికీ చుట్టరికం లేదంటావా?"

"వేలు విడిచిన చుట్టరికం కూడా లేదు! పైదాని కొసన ఒక చుక్క భగ్గుమంటోంది. మిగతా రెండూ చల్లగా ఉన్నాయి. ఒకటే అయితే అన్నీ ఒక్కసారే మండాలిగా?"

"దారులు మూడన్నాను గానీ, వాటి పొడవు ఒకటేనన్నానా?" అంది పైడమ్మ. "అది పేలిపోయిన నక్షత్రం. దగ్గరి దారిన వచ్చిన వెలుగు ముందు చేరింది. నా లెక్కన, వానలు వెనకబట్టాక నడిమి గీరలో అదే చుక్క వెలుగుతుంది. మంచు పట్టేనాటికి కిందిదానిలో. వెలగకపోతే పీట నీదే."

"సరే! అప్పటికి అవ్వకి ఈ మాట గుర్తుంటే కదా!"

ఆ మాట పైడమ్మకి ముల్లులా గుచ్చుకుంది. రోజూ నిద్రపోయేముందు "నడిమిది, తర్వాత కిందిది" అని తనలో తాను చెప్పుకునేది. మబ్బులు కమ్మిన రోజుల్లో, తాను నిజంగా లెక్క కట్టిందా, కలగందా అని కూడా భయపడింది. నక్క మాత్రం రోజూ వచ్చి, పీట మీద తన తోకకి చోటు సరిపోతుందో లేదో చూసుకునిపోయేది.

వానలు వెలిశాక ఎలుగుబంటి చూసింది. నడిమి గీర కొసన చుక్క భగ్గుమంటోంది.

"అది వేరే చుక్క దొరా!" అంది నక్క. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి.

మంచు పట్టేనాటికి కిందిదానిలోనూ వెలిగింది. నక్క తోక ముడిచింది.

"అయితే నాకు ఒకటేనా అవ్వా?"

"ఒకటే. కానీ దాన్ని ముందు చూసింది నువ్వే కాబట్టి నీ పేరే పెడదాం," అని పైడమ్మ పీట మీద కాస్త పక్కకి జరిగింది. "రా, కూర్చో. రేపు నేను మరిచిపోతే, అది ఒకటేనని నువ్వే నాకు చెప్పాలి."

నీతి: కనిపించినవాటిని లెక్కపెట్టేముందు, అవి వచ్చిన దారి అడగాలి.

స్వర్ణా, నక్క పేరూ ఎలుగుబంటి పేరూ ఎక్కడైనా తారుమారు చేశానేమో, ఒకసారి చూసిపెట్టు తల్లీ.