మస్తానమ్మ బొంత

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నల్లమల నాలుగడుగులు పక్కకు జరుగుతుంది, ఒట్టు. వరదయ్య మాస్టారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పగా విన్న మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

ఆయన శిష్యుడు దస్తగిరి ఆ కొండల పుట్టుపూర్వోత్తరాలు రాయాలని నాలుగేళ్ళు రాళ్ళెంట తిరిగాడు. అతను అరగదీసిన చెప్పులతోనే మార్కాపురంలో చెప్పుల కొట్టాయన రెండంతస్తుల మేడ లేపాడు. అడుగు రాయి పాతది, పై రాయి కొత్తది అన్న నమ్మకం మీద, మోయడానికి ఎద్దులబండి కావలసినంత సిద్ధాంత గ్రంథం రాశాడు. సోమవారం విశ్వవిద్యాలయంలో ఇవ్వాలి. శుక్రవారం ప్రయోగశాల నుంచి రాళ్ళ వయసులు వచ్చాయి. పై రాయే పాతదట, ముప్పై కోట్ల ఏళ్ళు పెద్దదట!

"వాళ్ళే రాళ్ళు తారుమారు చేసుంటారు. ఈ వయసులు వదిలేసి గ్రంథం ఇచ్చేయనా, మాస్టారూ?" అంటూ దస్తగిరి ఆ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

మాస్టారు కండువా భుజాన వేసుకుని, అతణ్ణి వెనక వీధిలో బొంతలు కుట్టే మస్తానమ్మ ఇంటికి తీసుకెళ్ళారు. వాకిట్లో పరిచిన బొంత ఊరందరినీ కప్పి పొరుగూరికి మిగిలేటంత ఉంది. అంచు విప్పి ఉంది కనక లోపలి పాత చీరలు పొరలు పొరలుగా కనబడుతున్నాయి.

"ఇందులో అన్నిటికన్నా పాత చీర ఏది?" అన్నారు మాస్టారు.

దస్తగిరి క్షణం ఆలోచించలేదు. "అట్టడుగున ఉన్న పచ్చ చీర."

మస్తానమ్మ నవ్విన నవ్వుకు మూడు వీధుల కోళ్ళు గూళ్ళలో దూరాయి. "ఆ పచ్చది నిరుడు మా కోడలు కట్టి విడిచింది, అబ్బయ్యా! ఇదిగో, ఈ పైది మా అత్త పెళ్ళిచీర. పైన చిరిగినప్పుడల్లా ఇంకో చీర వేసి కుట్టా, కుట్టా, చివరికి విసుగుపుట్టి బొంతనే తిరగేశా."

"తిరగేసినట్టు నాకెలా తెలుస్తుంది, అవ్వా?"

"కళ్ళున్నాయిగా! ముడి ఎవరైనా అడుగువైపు వేస్తారు. ఇవి చూడు, ఆకాశంకేసి చూస్తున్నాయి."

దస్తగిరి వంగి, పెళ్ళిచీర మీది ముడులను వేలితో తడిమాడు. కొండ మీది ఇసుకరాయిలో ఒకనాటి నీటి అలలు విడిచిపోయిన మడతలు అతని కళ్ళముందు కదిలాయి. వాటి మొనలు పైకి ఉండాలి, కొండే తిరగబడి ఉంటే తప్ప. ఉన్నాయో లేదో అతను ఏ పుటలోనూ రాసుకోలేదు.

"సోమవారం, మాస్టారూ..." అన్నాడు నీరసంగా.

"ఆ కొండకు సోమవారాలు లేవు నాయనా," అన్నారు మాస్టారు. "పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళు. మొనలు ఎటు చూస్తున్నాయో చూసిరా. వచ్చేటప్పుడు మస్తానమ్మకు రెండు దారపుండలు పట్టుకురా."