మూరెడు చేప కోసం ఏడు సముద్రాలు

అనగనగా నీళ్లెక్కువ, నేల తక్కువ ఉన్న ఒక రాజ్యం. ఆ రాజ్యానికో రాజు, పేరు గజకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక పెద్ద సరస్సు, ఒక వెండి పళ్లెం. వీటిలో ఆయనకు దేనిమీద ప్రేమ ఎక్కువంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ పళ్లెం మీదే.

ఆ పళ్లెంలో బొచ్చె చేప వడ్డిస్తే తల ఇటు, తోక అటు బయటికి వేలాడాలి. అంటే చేప మూరెడు ఉండాలి. రాజుగారి తాత అలాగే తిన్నాడు, తండ్రి అలాగే తిన్నాడు. ఆ తాతగారే ఒక చట్టం కూడా చేశాడు. "వలలో పడ్డవాటిలో పెద్దవి ఉంచుకోండి. చిన్నవి పాపం పిల్లలు, వదిలెయ్యండి."

ఎంత దయగల చట్టమో అని అందరూ మెచ్చుకున్నారు. జాలర్లు ప్రతి ఉదయం వల విసిరే ముందు దాన్ని గట్టిగా పైకి చెప్పుకునేవాళ్లు. పెద్దవి తీసేవాళ్లు, చిన్నవి వదిలేవాళ్లు. తాతల నాడు మూరెడు చేప దొరికింది. తండ్రుల రోజులు ముగిసేసరికి జానెడు దొరికింది. గజకేతుడి నాటికి బెత్తెడు మిగిలింది.

ఒకరోజు రాజుగారు పళ్లెం ముందు కూర్చుని అరిచాడు. "చేప ఏదీ?"

"అదిగో మహారాజా, కరివేపాకు కింద" అన్నాడు వంటవాడు.

రాజుగారికి ఒళ్లు మండిపోయింది. జాలర్ల పెద్ద సింహాద్రిని పిలిపించాడు. "పెద్ద చేపలన్నీ మీరే మింగుతున్నారు కదూ?"

"అమ్మతోడు, లేదు మహారాజా! మా తాతల నుంచి చట్టం తప్పలేదు. చిన్నది పడితే ముద్దు పెట్టుకుని మరీ వదుల్తాం."

అప్పుడు మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ఏడు సముద్రాల అవతల ధూమకేశుడనే మాంత్రికుడున్నాడు ప్రభూ. వాడి ప్రాణం చిలకలో ఉంది. మన చేపల్ని వాడే కుదించేసి ఉంటాడు."

"అయితే నా కొడుకులు వెళ్లి వాడి సంగతి చూస్తారు. వానలు మొదలయ్యేలోగా నా పళ్లెంలోకి మూరెడు చేప రావాలి. రాకపోతే దొంగలు జాలర్లేనని తేలినట్టే. పల్లె పల్లెంతా ఈ ఒడ్డు ఖాళీ చెయ్యాలి!"

ఇక్కడ కాస్త ఆగండి. ఇంత గొడవ జరిగింది కదా, ఎవరైనా ఆ బెత్తెడు చేపని చేతిలోకి తీసుకుని సరిగ్గా చూశారా? చూడలేదు. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా? అడగలేదు. కత్తులు మాత్రం నూరారు. సరే, వినండి.

పెద్దకొడుకు జయసేనుడు కత్తి పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు విజయసేనుడు ఇంకా పెద్ద కత్తి పట్టుకుని వెళ్లాడు, వాడూ రాలేదు. ఇక మూడోవాడు ఉదయసేనుడు బయల్దేరాడు. వాడికి సింహాద్రి కూతురు పైడితల్లితో పెళ్లి కుదిరింది. పల్లె ఖాళీ అయితే ఆ పిల్లా వెళ్లిపోతుంది.

రేవులో పైడితల్లి వాడి నడుం వంక చూసింది. "కత్తి కట్టుకున్నారేం?"

"మాంత్రికుడి దగ్గరికి కదా!"

"మీ అన్నలిద్దరూ కత్తులే పట్టుకెళ్లారు. వాళ్ల సంగతి తెలిసింది కదా. ముందు అడిగి చూడండి రాజుగారబ్బాయ్. మాట అడిగితే నోరేం అరిగిపోదు."

దారిలో, సముద్రపు ఒడ్డున, పాత వల ముక్కలో చిక్కుకుని ఒక ముసలి తాబేలు కనిపించింది. ఉదయసేనుడు కత్తి తీసి వల కోశాడు. ఆ ప్రయాణం మొత్తంలో కత్తికి దొరికిన పని అదొక్కటే.

"ఎక్కు నాయనా" అంది తాబేలు. "మాంత్రికుడి దగ్గరికేగా? నాకు తెలుసు. అందరూ నా వీపెక్కి మాంత్రికుడి గురించే అడుగుతారు. ఇన్నేళ్లుగా నీళ్లలోనే బతుకుతున్నాను కదా, చేపల గురించి నన్నొక్కడూ అడగడు!"

"చేపలకేమైంది తాబేలుతాతా?"

తాబేలు ఈత ఆపేసింది. "అడిగావా? నిజంగా అడిగావా? అబ్బా, ఇన్నాళ్లకి!" అని సంతోషం పట్టలేక రెండు సముద్రాలు ఏకబిగిన దాటేసింది. తర్వాత చెప్పింది. "వాటికెవరూ మంత్రం వెయ్యలేదు నాయనా. కాని నేను చెబితే మీ నాన్న నమ్మడు. కళ్లకు కనబడాలి. మాంత్రికుడి దగ్గరొక రాగి గంగాళం ఉంది, అందులో చేపలకు ఒక రోజంటే ఒక తరం. దాన్ని తీసుకెళ్లు."

ఏడో సముద్రం దాటాక ద్వీపం వచ్చింది. మాంత్రికుడి వాకిట్లో రెండు రాతి బొమ్మలున్నాయి, ముఖాలు చూస్తే అచ్చం అన్నలే. బంగారు పంజరంలో చిలక. పక్కన ధూమకేశుడు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"వచ్చావా? రా, చిలక మెడ పట్టుకో, రాయివైపో. ఎక్కడ నిలబెట్టాలో చూసుకోవాలి, వాకిలంతా రాజకుమారులే. ముగ్గు వేసుకోవడానికి చోటు లేదు!"

"అయ్యా, మా చేపల్ని కుదించింది మీరేనా?" అన్నాడు ఉదయసేనుడు.

మాంత్రికుడు నోరు తెరిచాడు. "నేనా? మీ సరస్సు ఎక్కడుందో కూడా నాకు తెలీదు. చేప వాసనే నాకు పడదు!"

"అయితే మీ గంగాళం ఒక్కసారి ఇవ్వండి."

"అది మాత్రం ఇవ్వను. అడిగినంత మాత్రాన ఇస్తారా?"

ఉదయసేనుడు చిలక మెడ పట్టుకోలేదు. పంజరం తలుపు తీశాడు, అంతే. "చిలకా, మా ఊళ్లో జామతోట ఉంది. వస్తావా?"

"మెడ పట్టుకోవుగా?"

"పట్టుకోను."

"పద, పద! ఈ ముసలాడు పెట్టే నానబెట్టిన శనగలు తినలేక చస్తున్నాను" అని చిలక వాడి భుజమెక్కింది.

ప్రాణం ఊరు దాటిపోతుంటే ఎవరు మాత్రం ఇంట్లో కూర్చుంటారు? చిలకకేం కాకూడదని మాంత్రికుడు లబోదిబోమంటూ అన్నలిద్దర్నీ మనుషుల్ని చేశాడు. గంగాళం నెత్తిన పెట్టుకుని తాబేలు తోక దగ్గర సర్దుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా "జాగ్రత్త, చిలక తడుస్తుంది! జాగ్రత్త, చిలకకు గాలి తగుల్తుంది!" అని వాడి గోల.

వాళ్లు చేరేసరికి ఆకాశం మబ్బు పట్టింది. జాలర్ల పల్లెలో బళ్లకు సామాన్లెత్తుతున్నారు.

"మూరెడు చేప తెచ్చావా?" అన్నాడు రాజు.

"గంగాళం తెచ్చాను నాన్నగారూ. ఇందులో దారిలో పట్టి వేసిన చేపలున్నాయి, మీరే పట్టండి. మీ తాతగారి చట్టం తప్పకుండా."

రాజుగారు విసుక్కుంటూనే చిన్న వల అందుకున్నాడు. మొదటి రోజు గంగాళంలో జానెడు చేపలు కొన్ని, బెత్తెడువి కొన్ని ఉన్నాయి. పెద్దవి తీశాడు, చిన్నవి వదిలాడు. సాయంత్రానికి మిగిలినవి గుడ్లు పెట్టాయి, తెల్లారేసరికి కొత్త తరం పెరిగింది. రెండో రోజు జానెడు చేప ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో పెద్దవి తీశాడు, చిన్నవి వదిలాడు. మూడో రోజు వల ఎత్తితే అన్నీ వేలెడు చేపలే.

"అంటే ఇవన్నీ పిల్లలన్నమాట. వదిలెయ్యాలి" అన్నాడు రాజు.

"ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి" అన్నాడు ఉదయసేనుడు.

రాజు తీసుకున్నాడు. ఆ వేలెడు చేప పొట్ట నిండా గుడ్లు. అది పిల్ల కాదు, తల్లి.

అర్థమైందా మీకు? మళ్లీ చెబుతాను, ఎన్నిసార్లయినా చెబుతాను. ఒక తల్లి పిల్లల్లోనే కొన్ని ఆలస్యంగా, బాగా పెరిగాక గుడ్లు పెడతాయి. కొన్ని తొందరపడి చిన్నప్పుడే పెడతాయి. పెద్దవాటిని మనం తినేస్తే ఇక ఎవరి పిల్లలు మిగుల్తారు? తొందరపడినవాటి పిల్లలే. వాటికి ఆ తొందరే వస్తుంది, ఆ పొట్టితనమే వస్తుంది. ఏ చేపా తనంతట తాను కుదించుకుపోలేదు. పొడుగువాటిని ఏరి ఏరి తీసేసి పొట్టివాటిని మిగిల్చింది వల.

రాజు చేతిలోని చేప వంక చూశాడు. తర్వాత ఆ చేతినే చూసుకున్నాడు. బయట ఉరిమింది.

"ఇది చేసింది నేనా?"

"మీరూ, మీ తాతగారూ, మా సింహాద్రి మామా, అందరూ. దయతోనే చేశారు."

"బళ్లు ఆపించండి" అన్నాడు రాజు నెమ్మదిగా. తర్వాత మాంత్రికుడి మీద ఎగిరాడు. "నువ్వు మాంత్రికుడివి కదా! చేపల్ని వెంటనే పెంచు!"

"మహారాజా, నేను మనుషుల్ని రాళ్లు చేస్తాను. సరస్సు నిండా చేపల్ని ఇలా కుదించడం నా వల్ల కాదు, తిరిగి పెంచడమూ నా వల్ల కాదు. తప్పు చట్టం మార్చుకోండి, ఓపిక పట్టండి. చెడగొట్టినంత తొందరగా బాగుపడదు. మీ మనవలు చూస్తారేమో."

ఆ సాయంత్రమే కొత్త చట్టం వచ్చింది. మరీ చిన్నవి వదలాలి, ఎందుకంటే అవి పిల్లలు. అందరికంటే పెద్దవీ వదలాలి, ఎందుకంటే పెద్ద పిల్లల్ని కనేది అవే. మధ్యవి పట్టుకోవాలి. సరస్సు ఉత్తరపు మలుపులో అసలు వలే వెయ్యకూడదు. సింహాద్రి తల బాదుకున్నాడు. "పెద్దది వలలో పడితే వదలాలా? మా తాత వింటే ఏడుస్తాడు!" ఆ చట్టాన్ని ప్రతి ఉదయం వాళ్ల చేత పలికించడానికి పైడితల్లికి పంచప్రాణాలూ తోడేసినంత పనైంది.

వాన వెలిశాక పెళ్లయింది. విందులో గుమ్మడికాయ పులుసు వడ్డించారు. రాజుగారు వెండి పళ్లెంలో ముక్కలు లెక్కపెట్టుకుంటూ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. చిలక జామతోటలో స్థిరపడింది, మాంత్రికుడు ఆ తోటకే కాపలాదారయ్యాడు.

ఏళ్లు గడిచాయి. బెత్తెడు చేప కాస్త పెరిగింది, జానెడైంది. ఉదయసేనుడు రాజయ్యాడు. గజకేతుడు కర్ర పట్టుకున్న ముసలితాత అయ్యాడు. ఒక ఉదయం మనవరాలు ముత్యాలు వల లాగుతూ కేక పెట్టింది. "తాతా! మూరెడు!"

ముసలి రాజు పరుగులాంటి నడకతో వచ్చాడు. చంకలో వెండి పళ్లెం. వలలో బొచ్చె చేప మెరుస్తూ కొట్టుకుంటోంది. తల ఇటు, తోక అటు, సరిగ్గా పళ్లేనికి సరిపోతుంది.

"తాతా, ఇది అన్నిటికంటే పెద్దది" అంది ముత్యాలు.

"తెలుసే."

"పెద్దది పడితే ఏం చెయ్యాలి?"

"తెలుసని చెప్పానా! నాకు పాఠాలు చెప్పకు" అని గొణుక్కుంటూ ఆయన పళ్లెం ఒడ్డున పెట్టాడు. రెండు చేతులతో చేపనెత్తి, ఒక్క నిమిషం మాత్రం పళ్లెం మీదుగా పట్టుకుని చూసుకున్నాడు. తర్వాత ఉత్తరపు మలుపు వైపు తిరిగి నీళ్లలోకి వదిలేశాడు. "వెళ్లవే తల్లీ. వెళ్లి పొడుగు పిల్లల్ని కను. ఇంకోసారి నా కంటబడకు, నా వల్ల కాదు."

ఉదయసేనుడూ పైడితల్లీ చాలాకాలం చల్లగా ఏలారు. చేప నీళ్లలోకి వెళ్లింది, కథ దాని వెనకాలే వెళ్లింది. మీరు చేతులు కడుక్కుని అన్నానికి రండి.