చుక్క పోని గట్టు

వెయ్యిలో ఒకటి. అదీ కోదండం లెక్క.

ఆశ్రమం వెనక కొత్త బావి తవ్వినప్పుడు నీళ్లు కాస్త ఉప్పగా తగిలాయి. తోటివాళ్లంతా పెదవి విరిచారు. కోదండం మాత్రం ఒక బిందెడు నీళ్లు ఇగిరిపోయేదాకా మరిగించి, అడుగున మిగిలిన ఉప్పు తూచాడు. పదిహేను లీటర్లకు పదిహేను గ్రాములు.

"మన పప్పులో ఇంతకన్నా ఎక్కువే పడుతుంది స్వామీ" అన్నాడు గురువుతో.

సాంబయ్యస్వామి నవ్వి, రెండు సెంట్ల కూరమడి అతనికి అప్పగించారు.

రోజుకు ముప్పై బిందెలు. చుక్క బయటికి పోకుండా చుట్టూ గట్లు మెత్తాడు. వానల్లోనూ వాటిని తెగనివ్వలేదు. రెండేళ్లు వంకాయలు గంపల్లో మోశారు. మూడో ఏడు ఆకుల అంచులు మాడాయి. ఆ ఏడు చివర్లో మూడుసార్లు నారు నాటాడు, మూడుసార్లూ పోయింది.

"నీళ్లు అవే, విత్తనం అదే, ఎరువు రెట్టింపు. మన్ను తడిగా ఉంది, మొక్కేమో దాహంతో వాడిపోతోంది. లెక్క ఎక్కడ తప్పింది స్వామీ? మళ్లీ నాటనా, మడి వదిలేయనా?"

మడి వదిలేస్తే ముప్పై విస్తళ్లలో కూర ఉండదు. అది ఇద్దరికీ తెలుసు.

"ఆదెమ్మను పిలుచుకురా" అన్నారు స్వామి.

ఆదెమ్మ సముద్రం పక్కన ఉప్పుమళ్లలో ఉప్పు తీసే మనిషి. వంగతోట జబ్బు ఆమెకేం తెలుసు? కోదండానికి అంతుపట్టలేదు. అయినా వెళ్లాడు.

ఆమె ఉప్పు లాగే చెక్క భుజాన వేసుకునే వచ్చింది. మడి చుట్టూ తిరిగింది. గట్టును మడమతో తొక్కి చూసింది. మన్ను మీద తేలిన తెల్లటి పొర గోటితో గీకి నాలిక మీద వేసుకుంది.

"ఎవరు కట్టారు సామీ ఈ మడి?"

"మా కోదండం."

"ఎంత బాగా కట్టాడో! మా ఆయన ముప్పయ్యేళ్ల నుంచి కడతన్నాడు, ఇప్పటికీ ఏదో ఒక మూల కారుద్ది."

కోదండం మొహం విప్పారింది.

"ఉప్పు ఎలా పండిస్తారు తల్లీ?" అడిగారు స్వామి.

"ఏముంది సామీ, మడి కట్టి నీళ్లు పెడతాం. నీళ్లు ఎండ తాగుద్ది. ఉప్పు తాగదుగా! మళ్లీ పెడతాం." ఆమె కోదండాన్ని చూసి పకపకా నవ్వింది. "ఈ అబ్బాయి పల్చటి నీళ్లు పెట్టాడు. అందుకే మూడేళ్లు పట్టింది."

కోదండం వేళ్లు కదిలాయి. ముప్పై బిందెలకు నాలుగువందల యాభై గ్రాములు. ఏడాదికి రెండువందల రోజులు. తొంభై కిలోలు. మూడేళ్లకి...

వేళ్లు ఆగిపోయాయి. ఐదు బస్తాలు దాటింది. అంత ఉప్పూ తన భుజాల మీదే మోసుకొచ్చి తానే పోశాడు.

"మరి బావి పూడ్చేయమంటారా స్వామీ?"

స్వామి కాలి బొటనవేలితో గట్టును తట్టారు.

"ఉప్పు రావడానికి దారి పెట్టావు నాయనా. పోవడానికేదీ?"

నైరుతిన మబ్బు కమ్ముతోంది. కోదండానికి సగమే అర్థమైంది. మళ్లీ నాటడానికి తెచ్చిన నారుకట్ట నీడన పెట్టి, పార తీసుకుని, గండి కొట్టడానికి పల్లపు వైపు గట్టు దగ్గరికి నడిచాడు.