నూకరత్నం వంతు

ఆ రాజ్యంలో కూలివాళ్లు యజమాని మీద ధర్మాసనానికి వెళ్లాలంటే, ముందు రాజీ అధికారి "కుదరలేదు" అని తాటాకు మీద రాసివ్వాలి. పన్నెండేళ్లుగా ఆ పదవిలో ఉన్న శరభయ్య ఒక్క ఆకూ రాసివ్వలేదు. తన దగ్గర కుదరని తగవే లేదని ఆయన గొప్ప.

చెరకు గానుగలో రెండు వేళ్లు నలిగి ఊడిపోయాక, ఇక పనికిరావని నూకరత్నాన్ని ఆసామి వెళ్లగొట్టాడు. ఆమె శరభయ్య చుట్టూ ఆరుసార్లు తిరిగింది. ఏడోసారి ఆయన గానుగ దగ్గరే ఆసామి పక్కన కూర్చుని, కొత్త బెల్లం చప్పరిస్తూ తీర్పు చెప్పాడు.

"రాజీ అంటే ఇద్దరూ చెరికాస్త వదులుకోవాలమ్మా."

"నా వంతు రెండు వేళ్లు ముందే వదులుకున్నాను బాబూ. ఆసామిగారు కూడా గానుగలో రెండు వేళ్లు పెడితే కుదిరిపోయినట్టే."

"కుదరదు!" ఆసామి చేతులు వెనక్కి దాచుకుని అరిచాడు.

"విన్నారుగా బాబూ. ఆ మాటే రాసివ్వండి."

పనివాళ్లంతా చుట్టూ నిలబడి వింటున్నారు. శరభయ్య పళ్లు కొరుకుతూ రాసి, ఆకు ఆమె ముందుకు తోశాడు.

"కుడిచేతి బొటనవేలి ముద్ర వెయ్యి."

"ఆ వేలు నా దగ్గర లేదు బాబూ," అంది నూకరత్నం. "మీరు తింటున్న బెల్లంలో వెతకండి."