వేడుకోలు మాత కోవెల: నేల కింద నుంచి వచ్చిన జవాబు

నెల్లూరు సీమ పడమటి మెట్టలో, తుమ్మచెట్లు, బలుసు పొదలు తప్ప మరో పచ్చదనం కనిపించని చోట తళుకుమిట్ట అనే చిన్న ఊరు ఉంది. బస్సు దిగి మట్టిబాటన కాస్త నడిస్తే ఎడమచేతి వైపు ఎత్తైన మిట్ట కనబడుతుంది. పొద్దుటి ఎండలో ఆ నేలంతా అద్దం ముక్కలు చల్లినట్టు మెరుస్తుంది. మొదటిసారి వచ్చినవారు వంగి ఏరుకుంటారు. అది కాకిబంగారం. పుస్తకాల్లో అభ్రకం అని రాస్తారు. ఆ మిట్ట నెత్తిన, రాతి గోడలతో, పెంకుల కప్పుతో ఉన్నదే వేడుకోలు మాత కోవెల.

కోవెల పెద్దది కాదు. లోపలికి రాగానే యాత్రికులు ముందుగా గమనించేది పీఠాన్ని కాదు, పీఠం ఎదుట నేలలో ఉన్న గుంతను. దాని చుట్టూ మోకాలెత్తు రాతి కట్టు ఉంటుంది. బావి అనుకొని తొంగిచూస్తారు గాని అందులో నీళ్ళుండవు. పీఠం పైనున్న మరియమాత కొయ్య స్వరూపం కూడా యాత్రికుల వైపు గాక ఆ గుంత వైపే తల వంచి ఉంటుంది. ఇలా ఎందుకున్నదని ప్రతి తిరునాళ్ళకూ అడిగేవారున్నారు. మా పెద్దలు తమ పెద్దల నుంచి విన్నది, మేము వారి నుంచి విన్నది, ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ, తెల్లదొరల ఏలుబడి కాలంలో, కాకిబంగారపు గని ఉండేది. యజమాని ఎక్కడో పట్నంలో ఉండేవాడు. గనిని నడిపించేవాడు వీరాస్వామి అనే మేస్త్రీ. పెద్దవాళ్ళు పైన రాయి పగలగొట్టేవారు. కాకిబంగారపు పట్టె సన్నబడి భూమిలోకి దూరిపోయిన చోట బొరియలు తవ్వవలసి వచ్చేది. ఆ బొరియల్లో పెద్దవాళ్ళ భుజాలు పట్టవు. అందుకని పిల్లల్ని దించేవారు. వాళ్ళు బోర్లాపడుకొని మోచేతుల మీద పాకుతూ వెళ్ళి, గంప నింపి తాడు కదిపితే, పైనున్నవాళ్ళు గంపను లాక్కునేవారు.

గనిలో పనిచేసే కుటుంబాల్లో చాలామంది అప్పటికి కొత్తగా క్రైస్తవులైనవారు. మిట్ట మీద తాటాకుల పాక వేసుకొని, రాళ్ళు పేర్చి పీఠం కట్టుకొని, మొదటి గురువులు ఇచ్చిన మరియమాత స్వరూపాన్ని దానిమీద నిలుపుకున్నారు. పాక ఉన్న నేల గని యజమానిదే. గురువులు గుర్రం మీద ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. మిగిలిన ఆదివారాల్లో ఉపదేశి రాయప్ప ప్రార్థనలు చెప్పించేవాడు. రాయప్ప మెత్తనివాడు, దైవభీతి గలవాడు. తానున్నంతకాలం ఆ పాకకు ఏ ఆపదా రాకూడదన్నదే అతని ఆరాటం.

అతని అక్క ఇన్యాసమ్మ. భర్త పోయాడు, పిల్లలు లేరు. కలరాలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న తెరేజు అనే ఆడపిల్లను తెచ్చుకొని పెంచుతూ ఉండేది. మేస్త్రీ మనిషి వచ్చి పిలిచిన రోజున ఆ పిల్ల కూడా అందరు పిల్లలతో పాటు బొరియలోకి దిగింది. దుమ్ము మింగి మింగి దాని గొంతు బొంగురు పోయింది.

మొదట్లో పిల్లలకు ఆదివారం ఒక్కపూట విడుపు ఉండేది. ఆ ఏడు వేసవికి ముందే అదీ పోయింది. పాకలో ముందు వరుసలు ఖాళీ అయ్యాయి. ఒకనాడు ఇన్యాసమ్మ తమ్ముణ్ణి అడిగింది.

"అబ్బయ్యా, ఆదివారమన్నా బిడ్డల్ని వదలమని మేస్త్రీని ఒక మాట అడగరాదా?"

"అడిగితే పాక పీకిస్తాడక్కా. అప్పుడు మనం ప్రార్థన ఎక్కడ చేసుకుంటాం?"

"బిడ్డలు లేకుండా చేసే ప్రార్థన దేవుడికి ఏమని వినబడుతుందిరా?"

అంతకుముందు వానల్లో బొరియ కూలి ఇద్దరు పిల్లలు పోయినప్పుడు సమాధి దగ్గర ప్రార్థన చెప్పించినవాడు రాయప్పే. దేవుని చిత్తం అని తల్లులకు చెప్పినవాడూ అతడే. అక్క మాట అతని మనసులో ముల్లులా ఉండిపోయింది. అయినా మేస్త్రీ దగ్గరకు వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

ఈస్టరు పండుగకు ముందు ఉపవాసాల తపస్కాలంలో ఒక ఆదివారం పొద్దెక్కాక పాకలో అందరూ మోకరించి ఉన్నారు. రాయప్ప పునీతుల ప్రార్థనమాల చెప్పిస్తున్నాడు. అతడు ఒక్కొక్క పేరు చెబుతుంటే జనం "మా కొరకు వేడుకొనండి" అంటున్నారు. కొంతసేపటికి ముందు వరుసలో ఉన్న ఒక ముసలామె తల తిప్పి అటూ ఇటూ చూసింది. అందరూ అని ముగించాక, ఒక క్షణం ఆలస్యంగా, ఇంకొక గొంతు అదే మాట అంటున్నట్టు ఆమెకు తోచింది.

రాయప్పకూ తోచింది. మిట్ట మీద మాట మారుమోగుతున్నదనుకొని మరో పేరు చెప్పాడు.

"అర్చ్యశిష్ట జోజప్పగారా."

ఈసారి జనం నోరు మెదపలేదు. అందరూ చెవులు రిక్కించి ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో, పీఠం అడుగునుంచి, నేల లోతునుంచి, సన్నగా, బొంగురుగా, అయినా స్పష్టంగా వినబడింది.

"మా కొరకు వేడుకొనండి."

కొందరు నేలకు నుదురు ఆనించారు. కొందరు ఒకరినొకరు పట్టుకున్నారు. మరియమాత పలికిందని ముసలామె ఏడ్చింది. రాయప్ప చేతిలోని జపమాల జారి కిందపడింది. తానెన్నడూ చూడని మహిమ తన పాకలో దిగివచ్చిందని అతడు నమ్మాడు.

ఇన్యాసమ్మ మాత్రం లేచి పీఠం దగ్గరకు నడిచింది. నేల మీద పక్కకు ఒరిగి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. తరువాత తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఇది మన తెరేజు గొంతు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది.

"బిడ్డలు మన కిందున్నారు. పట్టె వెంట తవ్వుకుంటూ పాక కిందకే వచ్చినట్టున్నారు. వెనక దారి కూలి ఉంటుంది. వేడుకొనమంటున్నది మనల్నే అబ్బయ్యా. పైనున్న పునీతుల్ని కాదు, మనల్ని."

గనిపని తెలిసిన మగవాళ్ళు గడ్డపారల కోసం పరుగెత్తారు. రాయప్ప పీఠం ముందు నిలబడిపోయాడు. పీఠం పైన, పూజకోసం గురువులు అభిషేకించి ఉంచిన పవిత్ర శిలను వారు తప్ప ఎవరూ తాకరాదు. ఆ శిలను కదిలిస్తే తప్ప తవ్వడానికి వీల్లేదు. అందరూ అతని ముఖంలోకి చూశారు. కింద నుంచి మళ్ళీ అదే మాట వచ్చింది, ఈసారి ఇంకా బలహీనంగా.

రాయప్ప వంగి శిలను తన రెండు చేతులతో ఎత్తాడు. దాన్ని అక్క ఒడిలో పెట్టాడు. మరియమాత స్వరూపాన్ని దించి పక్కన నిలిపాడు. ఆపైన పీఠం రాళ్ళను తానే ఒక్కొక్కటిగా తీసి విసిరేశాడు.

గడ్డపార గట్టిగా దింపితే పైకప్పు పిల్లల మీద పడుతుందని, కొంత లోతు తరువాత చేతులతోనే తవ్వారు. ఆడవాళ్ళు కొంగుల్లో మట్టి మోశారు. మధ్యమధ్య అందరూ ఆగితే, రాయప్ప ఒక పునీతుని పేరు చెప్పేవాడు. జవాబు వచ్చిన వైపు తవ్వేవారు. ఆ మహా ప్రార్థనమాలలో ఆ రోజు పైవాళ్ళు పిలిస్తే కిందివాళ్ళు జవాబిచ్చారు. చివరికి మట్టి పెళ్ళ ఒకటి లోపలికి జారింది. ఆ కంతలోంచి ఒక చిన్న చెయ్యి పైకి వచ్చింది.

ఆ చెయ్యి మెరుస్తున్నది. పాకలో తాటాకు ఊడిన చోటినుంచి పడే ఎండ సూటిగా దానిమీద పడింది. ఒకరి తరువాత ఒకరుగా బిడ్డలు భూమిలోంచి పైకి వచ్చారు. తల వెంట్రుకల నుంచి పాదాల దాకా కాకిబంగారపు పొడి. కనురెప్పలు కూడా మెరుస్తున్నాయి. కన్నతల్లులే కాసేపు తమ బిడ్డల్ని పోల్చుకోలేక, చేతులు చాచి కూడా తాకడానికి జంకి, అలా చూస్తూ ఉండిపోయారు. ఎన్నాళ్ళుగానో ముఖం కడిగి గనికి పంపుతున్న పిల్లలు ఇంత గొప్పవారని ఆ క్షణం దాకా వారికి తెలియదు.

తెరేజు అందరికంటే చివర వచ్చింది. చిన్నవాళ్ళను ముందు పైకి తోసింది అదే. ఇన్యాసమ్మ దాన్ని పొదువుకుంటే, అది దగ్గుతూ చెప్పింది.

"పైన మీ మాటలు వినబడ్డాయత్తా. ఏడిస్తే మీ ప్రార్థనలో కలిసిపోతుందని, మీరు ఆపగానే అదే మాట చెప్పమన్నా వీళ్ళకి. వీళ్ళు భయపడి చెప్పలేదు. నేనే చెప్పినా."

అంతలో మేస్త్రీ మనుషులతో వచ్చాడు. బొరియ కూలిన సంగతి అతనికి తెలుసు. అవతలి బొరియలో పని ఉందని, నడవగలిగిన పిల్లల్ని పంపమని చెప్పాడు. పాకలో తవ్వినందుకు యజమానికి ఏం జవాబు చెప్పాలని గద్దించాడు. రాయప్ప అప్పటికి నడుము దాకా గుంతలోనే ఉన్నాడు. అతడు గుంతలోంచి బయటికి రాలేదు.

"పాక తీసుకోండి. నేల తీసుకోండి. బిడ్డల్ని మాత్రం ఇవ్వం."

"పొట్టకేం తింటారు ఉపదేశీ?"

"తెలీదు. బిడ్డల్ని ఇవ్వం."

ఆ వారమే పాక పీకించారు. గనిలో పని పోయింది. కొన్ని కుటుంబాలు ఊరు వదిలిపోయాయి. ఉన్నవాళ్ళు బలుసాకు వండుకొని తిన్నారు. రాయప్పను తప్పుబట్టినవారూ ఉన్నారు. అతడు వారితో వాదించలేదు. పోయిన ఇద్దరు బిడ్డల తల్లుల ఇళ్ళకు వెళ్ళి, దేవుని చిత్తం అని ఆనాడు తాను చెప్పిన మాటకు వారి ఎదుట తల వంచి నిలబడ్డాడు. ఆ తల్లులే ముందు నడవగా, పిల్లల్ని వెంటబెట్టుకొని జిల్లా దొర మకాం వేసిన చోటికి బయలుదేరారు.

గుడారంలో దొర తరఫున దుబాసీ అడిగాడు.

"ఎవరి తరఫున వచ్చారు?"

"ఈ బిడ్డల తరఫున వచ్చాం. వీళ్ళని నేల కిందికి పంపకుండా హుకుం ఇప్పించండి" అన్నాడు రాయప్ప.

లోపల పిల్లలు చేసే పనేమిటని దొర అడిగించాడు. తెరేజు జవాబు మాటల్లో చెప్పలేదు. గుడారంలో పరిచిన తివాచీ మీద బోర్లాపడుకొని, భుజాలు ముడుచుకొని, మోచేతులతో ఒళ్ళు ఈడ్చుకుంటూ ఒక కొస నుంచి మరో కొసకు పాకింది. అది పాకిన దారంతా తివాచీ మీద సన్నని మెరుపు గీత పడింది. దొర కుర్చీలోంచి లేచి, ఆ గీత తొక్కకుండా పక్కనుంచి నడిచివచ్చి, పిల్లను లేవనెత్తాడని చెబుతారు.

ఆ ఒక్క రోజుతో పని కాలేదు. యజమాని తరఫువారు ఎదురు అర్జీలు పెట్టారు. దొర మకాం ఎక్కడ పడితే అక్కడికి వీళ్ళు మళ్ళీ మళ్ళీ నడిచారు. రెండు వేసవులు గడిచాక ఆ గనిలో పిల్లల్ని దించరాదని హుకుం వచ్చింది. కొన్నాళ్ళకు పట్టె కూడా అయిపోయి, యజమాని నేల వదిలేశాడు.

అప్పటిదాకా మరియమాత స్వరూపం గుంత గట్టున ఎండకూ వానకూ నిలిచే ఉంది. కొయ్య పగలలేదు, రంగు వెలవెలబోలేదు. బిడ్డల్ని పైకి లాగినప్పుడు ఎగిరిన పొడి ఆ తల్లి చేతులకు అంటుకున్నది. నేటికీ దర్శనం చేసుకునేవారు ఆ మెరుపు చూడవచ్చు. అది మహిమేనని కొందరంటారు, దుమ్మేనని కొందరంటారు. మేము నిర్ణయించలేము.

రాతి కోవెల కట్టేటప్పుడు గుంత పూడ్చాలని గురువులు తలచారు. అప్పటికి ముసలిదైన ఇన్యాసమ్మకు కలలో ఆ తల్లి కనిపించి, "అది నా చెవి, దాన్ని మూయవద్దు" అన్నదట. గురువులు ఆమె మాట మన్నించి, గుంత ఎదుటే పీఠం నిలిపారు. నాటినుంచి ఇది వేడుకోలు మాత కోవెల అయింది.

ఈనాటికీ ఇక్కడ దివ్యబలిపూజ ఒక ఆచారంతో మొదలవుతుంది. అందరూ గుంత చుట్టూ మోకరించి కాసేపు మౌనంగా ఉంటారు. సంఘంలో పెద్దవారు ఒకరు, "ఏ బిడ్డ మనల్ని వేడుకుంటున్నది?" అని అడుగుతారు. బడి మానిపించిన బిడ్డ గురించి, దెబ్బలు తింటున్న బిడ్డ గురించి, పెళ్ళి కుదిర్చిన చిన్నపిల్ల గురించి, తెలిసినవారు లేచి చెబుతారు. విన్నవారిలో ఒకరు "ఆ బిడ్డకు నేనున్నాను" అని లేచే వరకు గురువులు పీఠం ఎక్కరు. అలా లేచినవారు ఆ వారమే బడికో, పోలీసు ఠాణాకో, కలెక్టరు కచేరీకో వెళ్ళాలి. ఒంటరిగా వెళ్ళనక్కరలేదు, సంఘం తోడు వెళుతుంది. సంతానం కోరి వచ్చే దంపతులు అన్ని మతాలవారూ ఉంటారు. వారి కోరిక నెరవేరిన సాక్ష్యాలు ఎన్నో ఉన్నాయి. అయితే ముందుగా ఊరిలో ఏదో ఒక బిడ్డ మొర విని రమ్మని ఇక్కడి పెద్దలు వారికి చెబుతారు.

పోయిన ఏడాది తిరునాళ్ళనాడు పెద్దలు ఆ ప్రశ్న అడిగినప్పుడు ఎవరూ లేవలేదు. ఈసారి ఏ మొరా లేదని, పూజ కోసం అందరూ లేవబోతుండగా, గుమ్మం దగ్గరినుంచి ఒక ఆడపిల్ల నడిచి వచ్చింది. దగ్గరలోని ఇటుకల బట్టీలో పనికి ఒరిస్సా నుంచి వచ్చినవారి పిల్ల; చేతులకు ఇంకా ఇటుకమట్టి అంటుకొని ఉంది. మా భాష తెలియదు. గుంత దగ్గర నిలబడి, అందులోకి వంగి, తన పేరు చెప్పింది. మళ్ళీ చెప్పింది. గంపలమ్మే మరియదాసు భార్య సలోమి లేచి, "ఆ బిడ్డకు నేనున్నాను" అని పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆమె వెంట ఇంకొందరు లేచి బట్టీకి నడిచారు. గురువులు పీఠం మెట్టు మీద కూర్చున్నారు. తిరునాళ్ళకు వచ్చిన అంత జనమూ ఎండలో, నీడలో, దొరికిన చోట కూర్చొని ఎదురుచూశారు. బట్టీలోని పిల్లలందరినీ వెంటబెట్టుకొని సలోమి తిరిగివచ్చేసరికి పొద్దు వాలింది. ఆనాటి పూజ అప్పుడు మొదలైంది. అప్పటిదాకా ఒక్కరూ ఇంటికి వెళ్ళలేదు.